వద్దన్నవాడికే సింహాసనం

వేగివాక రాజ్యంలో పెద్ద రాకుమారుడు మల్లభూపతి పాయసం తాగే ముందు ఒక గరిటెడు పిల్లికి పోయించేవాడు. రెండో రాకుమారుడు చెన్నభూపతి గుర్రమెక్కే ముందు జీను పట్టీని మూడుసార్లు లాగి చూసుకునేవాడు. అన్నదమ్ములకి ఒకరంటే ఒకరికి అంత ధ్యాస. రాజ్యం ఎవరికి వస్తుందో ఇంకా తేలలేదు గాని, ఈలోగా అంతఃపురంలో పిల్లులు మాత్రం బాగా తగ్గిపోయాయి.

మూడోవాడు కోనభూపతి. ఇంట్లో అందరికీ కోనయ్య. అతని పాయసంలో ఎవరూ ఎప్పుడూ ఏమీ కలపలేదు. అది తన మీద ప్రేమ కాదనీ, తనని మనిషి కింద లెక్కెయ్యకపోవడమనీ అతనికి తెలుసు. తెలిసినా బాధపడలేదు, పాయసం బాగుంటే చాలుననుకున్నాడు. అతని ప్రాణమంతా పెరట్లో పెంచుకుంటున్న పాతిక మొక్కల మీద ఉండేది. ఓడ మీద వచ్చిన పరంగివాడొకడు ఇచ్చిన మిరప విత్తనాలవి. అప్పటికి వేగివాకలో మిరపకాయ ఎవరూ ఎరగరు, కారం కావాలంటే మిరియాలే. కోనయ్య మొదటి కాయ కొరికిన రోజు ముంతెడు మజ్జిగ తాగి, కళ్ళు తుడుచుకుని, రెండో కాయ కొరికాడు. భార్య తిప్పాంబ ఆ కాయల్ని ఉప్పూ చింతపండూ వేసి నూరింది. ఆ పూట దంపతులిద్దరూ ఏడుస్తూ, ముక్కులు చీదుకుంటూ, ముమ్మారు మారు వడ్డించుకు తిన్నారు.

అయితే పెరటి నేల సున్నపు నేల. మొక్క మోకాలెత్తు దాటదు. గోదావరి నడుమ చిలకలంక అని ఒకటుంది. ఏటా వరద తెచ్చి పోసిన ఒండ్రు అక్కడ నడుంలోతు ఉంటుంది. ఆ లంక తనకిప్పించమని కోనయ్య నాలుగేళ్ళుగా తండ్రి కాళ్ళావేళ్ళా పడుతున్నాడు. "రాజు కడుపున పుట్టి మట్టి పిసుక్కుంటానంటావేంట్రా? పోయి కత్తిసాము చెయ్యి" అనేవారు తండ్రిగారు, ఔబళేంద్ర మహారాజు.

మహారాజుకి డెబ్బై రెండేళ్ళు. గద్దె దిగాలని ఆయనకి లేదు. కొడుకుల వాలకం చూస్తే దింపేట్టున్నారు. ఇలా ఉండగా ఒక స్వాములవారు కొలువుకి వేంచేసి వైరాగ్యం మీద ఉపన్యసించారు. మహారాజు మధ్యలో ఓ కునుకు తీసి, సరిగ్గా "కోరనివాడికే దక్కుతుంది" అన్న చోట లేచారు. దానికి ముందు ఏముందో, తరవాత ఏముందో ఎవరినీ అడగలేదు. తనకి కావలసిన ముక్క దొరికిందిగదా అని ఆ పూటే శాసనం రాయించి ముద్ర వేయించారు.

వేగివాకలో ముద్ర అంటే మాటలు కాదు. మనిషి మాట కంటే ముద్ర పడిన తాటాకు పెద్దదనేది ఆ వంశంలో ముత్తాతల నాటి ఆచారం. ఆకు ఎలా చెబితే అలా జరగాలి, అంతే. ఒకసారి రాయసగాడు నిద్రమత్తులో 'ఏనుగుకి గుగ్గిళ్ళు, పురోహితుడికి అంకుశం' అని రాస్తే, పాపం పురోహితుడు మూడు నెలలు అంకుశం పట్టుకుని సంధ్య వార్చాడు.

ఈ కొత్త ఆకు ఇలా చెప్పింది: "సింహాసనం మీద అపేక్ష గలవాడెవడైనను సింహాసనానికి అనర్హుడు. అపేక్ష రుజువైనచో వానిని చిలకలంకకు పంపి ఆజీవాంతం అచటనే ఉంచవలెను." రాజుగారికి తెలిసిన నరకం చిలకలంకే. పాములుంటాయి, వరదొస్తుంది, పలకరించే నాథుడుండడు.

తిప్పాంబ పెరట్లో కాయలు కోస్తుంటే కోనయ్య వగర్చుకుంటూ వచ్చి ఈ సంగతి చెప్పాడు.

"ఆజీవాంతం అన్నారా?" అంది తిప్పాంబ.

"ఆజీవాంతం. రాజభటులే దగ్గరుండి దింపొస్తారట."

"అయితే ఇంకేం? రేప్పొద్దున్నే స్నానం చేసి, వెళ్ళి ఆశపడి రండి. వర్జ్యం లేకుండా చూసుకోండి."

శాసనం అమలు చేసే పని మంత్రి నాగదేవ ప్రెగ్గడ మీద పడింది. ఆయన పని అంటే పని. రెండు రోజుల్లో అపేక్షా పరీక్షాధికరణం అనేది వెలిసింది. కొలువుకూటంలో స్తంభానికొకడు చొప్పున రాయసగాళ్ళు కూర్చున్నారు. రాకుమారులు సింహాసనాన్ని ఎన్నిసార్లు చూసిందీ రాసుకోవడానికి ఒకడు, నిట్టూర్పులు రాసుకోవడానికి ఒకడు, గుటకలు రాసుకోవడానికి చెవులు బాగా వినబడేవాడొకడు.

కోనయ్య పట్టుపంచె కట్టుకుని ప్రెగ్గడ ముందు నిలబడ్డాడు. "నాకు సింహాసనం మీద అపేక్ష ఉందండి. చాలా ఉంది. రాసుకోండి."

ప్రెగ్గడ అతని వంక జాలిగా చూశారు. "కుమారులవారు అమాయకులు. నలభై ఏళ్ళ కొలువులో సింహాసనం కావాలనుకున్న వాళ్ళని వందమందిని చూశాను. ఒక్కడైనా కావాలని చెప్పగా వినలేదు. చెప్పారంటే తమకి లేదన్నమాట."

"లేకపోతే ఉందని ఎందుకు చెబుతానండీ?"

"లేదని చెప్పుకోవడం కూడా ఒక గొప్పే. ఆ గొప్ప సైతం వద్దనుకున్నారు. ప్రథమశ్రేణి నిరపేక్ష" అని చెప్పి రాయసగాడి వైపు తిరిగారు. "కుమారులవారి నివేదన పరిశీలించి అబద్ధమని నిర్ధారించడమైనది. వారి గౌరవానికి భంగం లేకుండా రాయి."

అవతల అన్నలిద్దరూ కళ్ళు మూసి తెరిచేలోగా మారిపోయారు. మల్లభూపతి "మా చెన్నడే రాజు కావాలి" అని ఊరంతా చాటింపు వేయించాడు. చెన్నభూపతి "మా అన్నయ్య తప్ప ఇంకెవరు?" అని గోపురమెక్కి ఏడ్చాడు. మల్లభూపతి సింహాసనం కంటపడకుండా కొలువుకూటంలో వెనక్కి నడవడం మొదలెట్టి, రెండు దీపస్తంభాలూ ఒక రాజగురువూ దొర్లిపోయేదాకా నడిచాడు. చెన్నభూపతి కళ్ళకి గంతలు కట్టుకుని వచ్చి, తడుముకుంటూ పోయి, తిన్నగా సింహాసనం మీదే చెయ్యి వేశాడు. వేసినవాడు కాలినట్టు కెవ్వుమని మూర్ఛపోయాడు. మూర్ఛ నుంచి లేవడానికి ముందు ఒక కన్ను తెరిచి చూశాడని చూపుల రాయసగాడు రాసుకున్నాడు.

ఇదివరకు ఒకడి మనుషులు రెండోవాడి మనుషుల్ని పొడిచేవారు. ఇప్పుడూ పొడుచుకుంటున్నారు, కాకపోతే అవతలివాణ్ణి గద్దె ఎక్కించడానికి. ఒకనాడు మిట్టమధ్యాహ్నం మల్లభూపతి మనుషులు చెన్నభూపతిని నడిబజారులో పట్టుకుని, పీట మీద కూలదోసి, పుణ్యనదుల జలాలు నెత్తిన పొయ్యబోయారు. చెన్నభూపతి పురోహితుడి చెయ్యి కొరికి, కలశం తన్నేసి, కల్లు దుకాణంలో దూరి తలుపేసుకున్నాడు. పట్టాభిషేకం జరిగిపోతుందేమోనని లోపల గజగజ వణికిపోయాడట. ఆ వణుకు నిజమా కాదా అని అధికరణం వారు మూడు రోజులు విచారించారు.

ఇక లాభం లేదని మల్లభూపతి కాషాయం కట్టి అడవికి బయల్దేరాడు. వెంట ఐదువందల మంది పరివారం, వంటవాళ్ళు, పల్లకీలు. ఈ వార్త విని చెన్నభూపతి ఆరువందల మందితో బయల్దేరి, అన్న ఆశ్రమం దాటి, ఇంకో ఆమడ లోపల ఆశ్రమం వేసుకున్నాడు. ఎవడు ఎంత లోపలికి పోతే వాడికంత వైరాగ్యం. మర్నాడు మల్లభూపతి సామాను సర్దించి తమ్ముణ్ణి దాటిపోయాడు. ఆ మర్నాడు తమ్ముడు అన్నని దాటాడు. ఇలా రోజుకొకరు చొప్పున విరక్తి చెందుకుంటూ, చెందుకుంటూ పోగా పదకొండో రోజున అడవి అయిపోయింది.

అవతల పొరుగురాజు సరిహద్దు కోట ఉంది. కాషాయాలతో, పల్లకీలతో, కాగులతో పదకొండువందల మంది ఒక్కసారిగా అడవిలోంచి ఊడిపడేసరికి కోటవాడు హడలిపోయాడు. సైన్యమైతే ఎదిరించేవాడే, ఇదేమిటో అతనికి అర్థం కాలేదు. అర్థంకానిదానికి లొంగిపోవడం మంచిదని, తలుపులు బార్లా తీసి, తాళంచెవి తెచ్చి మల్లభూపతి చేతిలో పెట్టాడు.

ఈ విజయం వేగివాకకి పిడుగులా వచ్చి పడింది. ప్రెగ్గడ పల్లకీలో హుటాహుటిన వెళ్ళి అక్కడికక్కడే విచారణ జరిపారు. తాళంచెవి అరచేతిలో పడ్డప్పుడు మల్లభూపతి వేళ్ళు ముడుచుకున్నాయని సాక్షులు చెప్పారు. అపేక్ష రుజువు. ఆ సమయంలో చెన్నభూపతి అన్న చేతి వైపు చూశాడు. అదీ రుజువే. ఇద్దర్నీ లంకకి పంపించవలసిందిగా ఆజ్ఞ అయ్యింది.

రేవు దగ్గర అన్నలిద్దరూ గుండెలు బాదుకుంటుంటే కోనయ్యకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి అన్నల కోసం కావు. ఏ నేల కోసం తాను నాలుగేళ్ళు ప్రాధేయపడ్డాడో ఆ నేల మీదికి, వంకాయకీ వెలగకాయకీ తేడా తెలియని వీళ్ళిద్దరూ వెళుతున్నారు. మనసు ఒప్పక, పెరట్లో పోసిన మిరపనారు ఒక గంపెడు తెచ్చి మల్లభూపతి ఒళ్ళో పెట్టాడు.

"ఇదేంటి తమ్ముడూ?" అన్నాడు మల్లభూపతి వెక్కుతూ.

"నారు అన్నయ్యా. మూరెడు ఎడంలో నాటండి. మొదట్లో నీళ్ళు నిలవనివ్వకండి. మీకు పుణ్యముంటుంది."

ఇద్దరన్నలూ లంకకి పోయారు కాబట్టి మూడో కొడుకే యువరాజని అధికరణం ప్రకటించింది. కోనయ్య గుండెల్లో రాయి పడింది. వెంటనే కొలువుకూటానికి పరుగెత్తి, మహారాజు మధ్యాహ్న భోజనానికి లేచిన అదను చూసి, అందరి ఎదటా సింహాసనమెక్కి కూర్చున్నాడు. కాలు మీద కాలు వేశాడు. సింహం తలల్ని నిమిరాడు. "అబ్బ, ఎంత బాగుంది. నేను దిగను" అన్నాడు.

రాయసగాళ్ళ గంటాలు ఆగిపోయాయి. ప్రెగ్గడ దగ్గరికొచ్చి, ఆ మొహం లోకి కాసేపు చూసి, కళ్ళొత్తుకున్నారు. "సింహాసనం తప్పించుకోవడానికి దాని మీదే కూర్చున్నారు. ఇటువంటి వైరాగ్యానికి పూర్వోదాహరణ లేదు. రాయండి."

"పిన్నిగారి నగల్ని మొహమాటానికి మెచ్చుకున్నట్టు చూసుంటారు దాన్ని" అంది తిప్పాంబ ఇంటికొచ్చాక. "ఆశపడ్డవాడి మొహం అలా ఉండదండీ. లంక తలుచుకుని చూడాల్సింది."

అప్పుడు కోనయ్యకి ఒక ఆలోచన వచ్చింది. శాసనంలో 'గలవాడెవడైనను' అనే ఉంది గాని రాకుమారులని లేదు. ఈ ముక్క ప్రెగ్గడ చెవిన వేస్తే పరీక్ష తండ్రిగారి దాకా పోతుంది. ఆయన భయపడి శాసనమే ఎత్తేస్తారు. అది ఎత్తేస్తే యువరాజు గొడవా ఉండదు, అన్నలు తిరిగొస్తారు, లంక ఖాళీ అవుతుంది. తిప్పాంబ మాత్రం వద్దంది. "కొరివితో తల గోక్కోకండి. ఆ ప్రెగ్గడ సంగతి మీకు తెలీదు." కోనయ్య వినలేదు, యువరాజు హోదాలో విన్నపం రాసి ఇచ్చేశాడు.

ప్రెగ్గడ ఆ విన్నపాన్ని కళ్ళకద్దుకున్నారు. మర్నాడు నిండు కొలువులో మహారాజు ముందు చేతులు జోడించి నిలబడ్డారు.

"ఏలినవారికి సింహాసనం మీద అపేక్ష ఉన్నదా, లేదా?"

"ప్రెగ్గడా, మతుండే అడుగుతున్నావా?"

"ప్రశ్నకి తగిన సమాధానం రాలేదు, రాయి. ఉన్నదా, లేదా?"

మహారాజు శాసనం గుర్తొచ్చి సర్దుకున్నారు. "లేదు. నాకేం అపేక్ష? ప్రజల కోసం కూర్చున్నాను."

"చిత్తం. అయితే ఒక్క ఘడియ దిగి నిలబడవలసిందిగా ప్రార్థన."

మహారాజు రెండు చేతులూ సింహాల మెడల చుట్టూ బిగుసుకున్నాయి. "మోకాళ్ళ నొప్పి. దిగలేను" అన్నారు.

రాజవైద్యుణ్ణి పిలిపించారు. ఆయన ముప్పై ఏళ్ళుగా ఏలినవారి ఒంటిని పొగడ్డం మీద బతుకుతున్నవాడు. మోకాళ్ళు నొక్కి, అలవాటు కొద్దీ, "ఆహా, పాతికేళ్ళ కుర్రాడి మోకాళ్ళు" అన్నాడు. అన్నాక నాలిక కరుచుకున్నాడు గాని గంటం అప్పటికే నడిచిపోయింది.

"ఈ శాసనం ఇప్పుడే రద్దు చేస్తున్నాను" అన్నారు మహారాజు, చెమటలు కక్కుతూ.

"సింహాసనం పోయే వేళ శాసనం రద్దనడం కంటే పెద్ద అపేక్ష ఇంకేముంటుంది?" అన్నారు ప్రెగ్గడ వినయంగా. "ఏలినవారి ముద్ర ఏలినవారికీ వర్తిస్తుంది. ఇది తమ ముత్తాతగారి ఆచారమే."

నలుగురు భటులు చేతులు విడదీశారు. ఇద్దరు కాళ్ళు పట్టారు. మహారాజుతో పాటు ఒక సింహం తల కూడా ఊడి వచ్చింది, దాన్ని చంకలో పెట్టుకునే ఆయన పడవెక్కారు.

సింహాసనం ఖాళీగా ఉండకూడదు గనక ఆ మధ్యాహ్నమే కోనయ్యకి పట్టం కట్టేశారు. ఎప్పుడో పదేళ్ళకి పడవలసిన గుదిబండ, విన్నపం రాసి మరీ మెడకి తగిలించుకున్నాడు. "కొండనాలిక్కి మందేస్తే ఉన్న నాలిక ఊడిందంటే ఇదే" అంది తిప్పాంబ, కిరీటం సరిచేస్తూ.

కోనయ్య రాజుగా పలికిన మొదటి మాట "శాసనం రద్దు" అని. ప్రెగ్గడ అడ్డు చెప్పలేదు, వివరించారంతే. "తమ అర్హత ఆ శాసనం వల్ల వచ్చింది. శాసనం రద్దయితే అర్హత పోతుంది. అర్హత లేని రాజు చేసిన రద్దు చెల్లదు. చెల్లదు గనక శాసనం ఉంది. శాసనం ఉంది గనక తమరు రాజు." కోనయ్య వేళ్ళు మడిచి రెండుసార్లు లెక్కచూసుకున్నాడు. ఎటునుంచి వచ్చినా తనే రాజు. ఇంకెవరైనా ఎక్కుతారా అంటే వేగివాకలో ఒక్కడూ ముందుకు రాలేదు, ముందుకొస్తే అపేక్ష.

ఆ ఏడాది కోనయ్య బతుకు బతుకు కాదు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా గద్దె మీద కూర్చోవాలి. పెరట్లోకి పోతే ఏలినవారు మట్టి ముట్టరాదని గొడుగువాడు అడ్డం పడేవాడు. ఎవరూ నీళ్ళు పొయ్యక మొక్కలు ఒక్కొక్కటే ఎండిపోయాయి. ఆఖరి మొక్క చచ్చిన రోజు అతను నిజంగానే ఏడ్చాడు.

ఇలా ఉండగా చిలకలంక నుంచి ఒక గంప వచ్చింది. నిండా ఎర్రటి మిరపకాయలు, ఒక్కొక్కటి జానెడు. మీద తండ్రిగారి ఉత్తరం. "నాయనా కోనా, నీ నారు నడుమెత్తు పెరిగింది. పెద్దాడు పాదులు తీస్తాడు, రెండోవాడు నీళ్ళు పెడతాడు. నేను కావలి. మేం ముగ్గురం ఒకే కుండలోది తింటున్నాం, పిల్లికి పెట్టడం లేదు. నిద్ర బాగా పడుతోంది. ఇప్పుడు సింహాసనం ఊరికే ఇస్తామన్నా మాకొద్దు."

కోనయ్య ఆ ఉత్తరం పట్టుకుని ప్రెగ్గడ దగ్గరికి పరుగెత్తాడు. కాలు జారి కిరీటం పడిపోయినా తీసుకోలేదు. "చూడండి, వద్దంటున్నారు. అపేక్ష పోయింది."

ప్రెగ్గడ ఉత్తరం రెండుసార్లు చదివారు. "ఆజీవాంతం అన్నది అపేక్ష గలవాడికే. అది నశించినట్టు తేలితే అర్హత తిరిగి వస్తుంది. వయసురీత్యా పెద్ద ఏలినవారికే మొదటి హక్కు. వారు వస్తే తమరు సెలవు తీసుకోవచ్చు. అయితే ఉత్తరం చాలదు, స్వయంగా పరీక్షించాలి."

మర్నాడు ఉదయమే పడవ బయల్దేరింది. కోనయ్య, తిప్పాంబ, ప్రెగ్గడ, ముగ్గురు రాయసగాళ్ళు. కోనయ్య గోచీ పెట్టి పంచె కట్టుకుని, చిన్న పార ఒకటి తెచ్చుకున్నాడు. అటునుంచి అటే దిగిపోయే ఉద్దేశం. లంక దగ్గరయ్యేకొద్దీ పచ్చని చేను, దాని నడుమ ఎర్రటి కాయలు కనబడుతుంటే అతనికి మనసు ఆగలేదు.

గట్టు మీద ముగ్గురూ నిలబడి ఉన్నారు. తండ్రిగారు మోకాళ్ళ దాకా ఒండ్రులో ఉన్నారు. అన్నలిద్దరూ ఎండకి నల్లబడి, ఒకే గంపని చెరో వైపు పట్టుకున్నారు. పడవలో ప్రెగ్గడ తలపాగా కనబడగానే ముగ్గురి మొహాలూ మాడిపోయాయి.

ప్రెగ్గడ పడవలోంచే గట్టిగా చదివారు. "సింహాసనం మీద అపేక్ష ఉన్నదా, లేదా? లేదనువారిని ఈ పడవలోనే రాజధానికి తోడ్కొనిపోయి అభిషేకించడమగును."



"ఉంది" అన్నారు తండ్రిగారు. "చాలా ఉంది. ఆ సింహాసనం నాది. ఇవ్వకపోతే గోదాట్లో దూకుతాను."

"ఆయనకెందుకు, నాకివ్వండి" అన్నాడు మల్లభూపతి. "ఇద్దర్నీ చంపైనా సరే నేనే ఎక్కుతాను" అన్నాడు చెన్నభూపతి. అని, గంప జారుతుంటే అన్న చెయ్యి నొప్పెడుతుందేమోనని కింద మోకాలు ఆన్చాడు.

"అబద్ధం" అన్నాడు కోనయ్య. "అబద్ధమాడుతున్నారండీ. అప్పుడు నేను ఉందంటే మీరు లేదని రాశారు గదా. వీళ్ళదీ అలాగే రాయండి."

"వారికి అపేక్ష పూర్వమే రుజువైనది. రుజువైనవారు ఒప్పుకుంటే అది నిజం. రుజువు కానివారు ఒప్పుకుంటే అది వినయం" అన్నారు ప్రెగ్గడ. "ముగ్గురికీ అపేక్ష ప్రబలంగా ఉన్నది, లంకలోనే ఉంచవలెను. రాయి."

కోనయ్య పడవలో లేచి నిలబడ్డాడు. పడవ ఊగింది. "నాకూ ఉంది. సింహాసనం నాది. ఎవరికీ ఇవ్వను. నన్నిక్కడ దింపెయ్యండి."

ప్రెగ్గడ తల పంకించారు. "సింహాసనం తమదే. ఉన్నదాన్ని ఉందనడం అపేక్ష కాదు, వాస్తవ నివేదన. తమని పరీక్షించాలంటే యువరాజు విన్నపం ఇవ్వాలి. తమకింకా సంతానం లేదు."

పడవవాడు గెడ వేసి పడవ తిప్పాడు. తిప్పాంబ భర్త చేతిలోంచి పార తీసుకుని కింద పెట్టింది. గట్టు మీది నుంచి తండ్రిగారు రెండు చేతులూ పైకెత్తి, పడవ మళ్ళీ వెనక్కి తిరుగుతుందేమోనని అదే పనిగా కేకలేస్తున్నారు. "కోనా, నా బంగారు తండ్రీ, చల్లగా నూరేళ్ళు ఏలుకోరా." ఆయన గొంతులో అంత ప్రేమ కోనయ్య బుద్ధెరిగాక ఏనాడూ వినలేదు.